మాలక్ష్మి పక్షమున

అశోక్‌నగర్ శిక్షణా కేంద్రములనుండియు నారాయణగూడ వసతిగృహములనుండియు వచ్చి, గ్రూపు పరీక్షలకై దీక్షతో చదువుకొను యువతీయువకుల నడుమ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున కూర్చుండి ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని మరల చదివితిని. రాయవెల్లూరు చెరసాలలో రచింపబడి, 1922లో వెలువడి, మద్రాసు ప్రభుత్వ నిషేధమునకు గురియైన ఆ మహానవలలో పాఠకుని కరుణకు ప్రథమాధికారి యెవరను ప్రశ్న నన్ను చిరకాలముగా వేధించుచున్నది.

పెక్కుమంది సంగదాసు పేరు చెప్పుదురు. కూలివారి పక్షమున నిలిచి, భూస్వామి చౌదరయ్య దెబ్బకు ప్రాణములు విడిచిన ఆ యువకునికై కంట తడిపెట్టనివారుండరు. అయినను ‘సంగవిజయము’ అను నవల రెండవ పేరే అతని గౌరవమునకు శాశ్వతచిహ్నమైనది. సోదరుడు వెంకటదాసు తిరుగుబాటు బాట పట్టి, తక్కెళ్ల జగ్గడై, పేదల నోట కథయైనాడు. తండ్రి రామదాసునకు తత్త్వచింతన యున్నది. పుత్రశోకమును సైతము ఈశ్వరార్పణము చేయగల నిబ్బరమున్నది.

మరి తల్లి మాలక్ష్మికో? కీర్తియు లేదు, వేదాంతమును లేదు. ఇంటి మగవారు తమ తమ ఆదర్శములను వరించిరి. వాని మూల్యమును, అడుగువారు లేకయే, చెల్లించినది ఆమె. దుఃఖమును దుఃఖముగానే, ఏ సిద్ధాంతపు చాటున దాగక అనుభవించిన ఆ తల్లికే నా అగ్రతాంబూలము.

నవల పేరును, కర్త పేరును పరీక్షకై కంఠస్థము చేయు మిత్రులారా! ఒక్క సాయంకాలము ఆ గ్రంథమునే తెరచి, మాలక్ష్మి కనిపించు పుటలను నెమ్మదిగా చదువుడు.