మద్దెల ఓడే!

మా ఇంట్లో రెండేళ్ళ పాటు కేకు మాట ఎవరూ ఎత్తలేదండీ. ఎత్తితే నా మొహం ఎలా మారిపోతుందో అందరికీ తెలుసు. వంటింటి గట్టు మీద ఓ మూల 30 లీటర్ల ఓవెను, దాని మీద పాత దుప్పటి ముక్క, ఆ పైన ఉల్లిపాయల బుట్ట. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో చిన్న బల్ల అనుకునేవారు. నేనూ అవునన్నట్టే ఊరుకునేదాన్ని.

అసలు కథ 2020 లాక్‌డౌన్‌లో మొదలైంది. ఏప్రిల్‌లో మా అమ్మాయి పుట్టినరోజు. రాజమండ్రిలో బేకరీలన్నీ మూసేసి ఉన్నాయి. ఐదు లీటర్ల కుక్కరు తీసి, అడుగున రెండు గ్లాసుల ఉప్పు పోసి, గాస్కెట్టూ విజిలూ పీకేసి, లోపల గిన్నె పెట్టి సన్న సెగ మీద వదిలేశాను. డిగ్రీలూ గిగ్రీలూ ఏమీ తెలీవు. కమ్మటి వాసన వంటిల్లు దాటి హాల్లోకి వచ్చాక మూత తీసి, శుభ్రంగా కడిగిన కొత్త చీపురుపుల్ల గుచ్చి చూశాను. పుల్లకి పిండి అంటలేదు. మా అత్తగారు గుడ్డు ముట్టరు కాబట్టి పెరుగు వేసి చేసిన కేకు అది. ఆవిడే రెండు ముక్కలు తిన్నారు. చేసిన వంటకి అంత పొంగిపోవడం నా జీవితంలో అదే మొదలు.

ఆ పొంగులో మర్నాడు సంవత్సరం చీటీ పాడి ఓవెను కొన్నాను. చీటీ డబ్బులంటే తెలుసుగా, ఇంటి ఖర్చుల్లో మిగిల్చి మిగిల్చి కట్టినవి. నావి అని చెప్పుకోడానికి నాకున్నవి అవే. నాలుగు ఆర్డర్లు వస్తే ఓవెను డబ్బులు అదే తెచ్చుకుంటుందని లెక్కేసుకున్నాను.

అక్కణ్ణించి మొదలయ్యాయి నా కష్టాలు. కుక్కరులో పువ్వులా వచ్చిన కేకు, ఓవెనులో పైన బొగ్గు, లోపల జావ. సరే, వేడి ఎక్కువైంది కాబోలని మర్నాడు సాయంత్రం పుస్తకంలో చెప్పినట్టే 180 పెట్టి, పది నిమిషాలు ముందు వేడిచేసి, ఇంకా జాగ్రత్తగా చేస్తే, ఈసారి పైన రంగే రాలేదు. తెల్లగా, పాలిపోయి, నడుమ గుంట పడి ఉంది. అదే పిండి, అదే కొలత, అదే చెయ్యి. ఒకరోజు మాడుతుంది, ఒకరోజు ఉడకదు. ఏం సరిచేసుకోవాలో తెలిస్తే కదా సరిచేసుకోడానికి!

2022 మే నెలలో పై ఫ్లోరు అమ్మాయి వాళ్ళ బాబు మొదటి పుట్టినరోజుకి కిలో కేకు చేసిపెట్టమంది. అడ్వాన్సు కూడా చేతిలో పెట్టింది. నా మొదటి ఆర్డరు అది. చివరిది కూడా అదేననుకోండి. సాయంత్రం ఆరింటికి ఫంక్షను. మధ్యాహ్నం మూడింటికి మొదటిది మాడింది. నాలుగున్నరకి రెండోది పెట్టాను. అపార్ట్‌మెంటులో ఏసీలన్నీ తిరుగుతున్నాయి. ఇరవై నిమిషాలయ్యేసరికి కరెంటు పోయింది. తలుపు తీసి చూశాను, తీయకూడదని తెలిసీ. కళ్ళ ముందే కేకు నిట్టూర్చినట్టు కిందకి దిగిపోయింది.

బేకరీకి పరిగెత్తి, అడ్వాన్సు మీద ఇంకో నాలుగు వందలు వేసి కేకు కొని ఇచ్చాను. నిజం కూడా చెప్పేశాను. "పర్లేదక్కా" అంది ఆ పిల్ల. ఆ పర్లేదు నాకు రాత్రంతా నిద్రపట్టనివ్వలేదు. మా ఆయన ఏమీ అనలేదు. "పోనీలే, ఇకనించీ బయటే కొనుక్కుందాం" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

చూడండి, ఇది నిప్పుతో ఆడుకునే నేల. ఆత్రేయపురంలో ఆడవాళ్ళు బోర్లించిన కుండ కింద ఎండుటాకు మంట పెట్టి, పిండినీళ్ళలో ముంచిన గుడ్డని ఒక్కసారి అలా పరిచి లాగి, ఉల్లిపొరలాంటి రేకు తీస్తారు. ఆ పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. వాళ్ళ కుండకి మీటా ఉందా, బటనా ఉందా? అలాంటి చోట పుట్టి, అంకెలు రాసున్న మరతో ఒక్క కేకు కుదిరించుకోలేకపోయానంటే లోపం ఎవరిది? నాదే. ఓవెనుది కావచ్చన్న ఆలోచన రాకపోలేదు. వచ్చిన వెంటనే నోరు నొక్కేశాను. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, "ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత నా నెత్తిమీదే కూర్చుని ఉండేది. తన చేతకానితనానికి పనిముట్టుని తిట్టేదాన్నని ఎవరైనా అనుకుంటారేమోనని నాకు భయం. అందుకే దుప్పటి కప్పేశాను.

మళ్ళీ అది తీయించింది మా అత్తగారి దిబ్బరొట్టి.

మొన్నటేడు ఆషాఢంలో ముసురు పట్టింది. రెండ్రోజులు ఎండ మొహం లేదు. "అమ్మాయ్, మినప్పప్పు నానబొయ్యి, దిబ్బరొట్టి వేసుకుందాం" అన్నారావిడ. ఇనప మూకుట్లో నూనె పోసి, పిండి మందంగా వేసి, మూత పెట్టి సిమ్‌లో వదిలారు. కాసేపటికి మాడు వాసన. మూత తీసి చూస్తే అడుగు నల్లబడింది.

నేనైతే అక్కడే కూలబడి, ఛీ నా చెయ్యి అనుకునేదాన్ని. ఆవిడ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "ఈ పొయ్యి సిమ్ము సిమ్ము కాదే! మండిపోతోంది" అని, వెళ్ళి పాత అట్లపెనం తెచ్చి బర్నరు మీద పెట్టి, దాని మీద మూకుడు పెట్టారు. రెండో రొట్టి బంగారంలా వచ్చింది. చెరకు పానకంలో ముంచుకు తింటూ, పెళ్ళయిన కొత్తలో కుంపటి మీద మూకుడు పెట్టి, పైన మూత మీద కూడా నిప్పులు వేసేవాళ్ళమని చెప్పుకొచ్చారు. కింద సెగ ఎంత, పైన సెగ ఎంత అని రొట్టి వేసిన ప్రతిసారీ చూసుకోవాల్సిందేనట.

"మరి పొయ్యిది తప్పని ఎలా తెలిసిందత్తయ్యా?" అన్నాను.

"యాభై ఏళ్ళనించీ వేస్తున్నాను, నాకు రాకపోవడమేవిటి?" అన్నారు.

నేను నవ్వేశాను గానీ, ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుంది. ముప్ఫయ్యేళ్ళుగా వంట చేస్తున్నాను నేనూ. కుక్కరులో కేకు చేసింది నేనే కదా! ఆ చెయ్యి ఓవెను కొన్న రోజునే ఎందుకు పాడైపోతుంది?

ఆ సాయంత్రమే ఉల్లిపాయల బుట్ట దింపాను. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, "అమ్మా, పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దాంతో పరీక్ష పెడదాం" అంది. మర్నాడు పొద్దున్నే రేకు గిన్నెలో చెంచాడు పంచదార పరిచి, మీట 160 దగ్గర పెట్టి ఓవెనులో తోశాం. మీట నిజం చెబుతుంటే పంచదార కరక్కూడదు. పావుగంటకి చూస్తే తేనె రంగులో పాకం!

నమ్ముతారో లేదో, ఆ పాకం చూసి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. దాంతో ఆగకుండా ఓవెను లోపల వేలాడదీసే చిన్న థర్మామీటరు తెప్పించాను. మీట 180 అంటే, లోపల 215. ఇలాంటి చిన్న ఓవెన్లు చాలావాటిలో వేడిని బట్టి కదిలి కరెంటుని తెంచి, చల్లారితే మళ్ళీ కలిపే ఒక ఏర్పాటు ఉంటుందట. అది కాస్త పక్కకి జరిగి ఉంటే, మీట మీద అంకె ఎంత అందంగా రాసున్నా ఏం లాభం?

మరి సాయంత్రాలు ఉడకకపోవడం ఏమిటంటారా? దానికీ జవాబు మా అమ్మాయే చెప్పింది. అందరి ఏసీలూ తిరిగే వేళకి వోల్టేజి పడిపోతుంది. 230 ఉండాల్సింది 200 అయితే, 1500 వాట్ల రాడ్లు ఇచ్చే వేడి ఇంచుమించు 1130కి దిగిపోతుందిట. అంటే నాలుగో వంతు పోయినట్టే. నేనేమో పొద్దున్నలాగే పది నిమిషాలు లెక్కపెట్టి, ఇంకా వేడెక్కని ఓవెనులో గిన్నె తోసేసేదాన్ని. పొద్దున ఒక అబద్ధం, సాయంత్రం దానికి వ్యతిరేకంగా ఇంకో అబద్ధం. మధ్యలో నేను.

అన్నట్టు, నా తప్పు బొత్తిగా లేదని చెప్పను. బేకింగ్ పౌడరు డబ్బా తీసి చూస్తే తేదీ దాటి ఏడాదయింది. వేడినీళ్ళలో వేస్తే బుడగ కూడా రాలేదు. ఊరికే తలుపు తీసి చూసే జబ్బు కూడా ఉంది నాకు. ఆట కూడా అంత గొప్పదేం కాదు. కానీ మద్దెల మాత్రం నిజంగానే ఓడే! సామెత చెప్పినవాళ్ళు మద్దెలని ఒకసారి వాయించి చూడమని కూడా చెప్పి ఉంటే బాగుండేది. ఇంట్లో ఏది చెడినా ముందు నన్ను నేనే నిలబెట్టి అడుక్కోవడం నాకు అలవాటైపోయింది. పాలు విరిగినా, పిల్లకి మార్కులు తగ్గినా అంతే. ఇప్పుడు ముందు థర్మామీటరు చూస్తున్నాను.

ఓవెను ఇప్పటికీ అలాగే ఉంది. ఎడమవైపు వెనక మూల ఇంకా ఎక్కువ మండుతుంది, సగం కాలాక గిన్నె తిప్పాలి. ఫ్రిజ్ తలుపు మీద నా దస్తూరీతో ఒక చీటీ అంటించాను: "180 కావాలంటే 150. ముందు వేడి థర్మామీటరు చెప్పేదాకా. సాయంత్రం వద్దు."

మొన్న మే నెలలో పై ఫ్లోరు బాబుకి నాలుగో పుట్టినరోజు. పిలవకుండానే పొద్దున్నే ఒక కేకు చేసి పట్టుకెళ్ళాను. ఎడమ పక్క కాస్త ఎత్తుగా ఉంది గానీ, పుల్లకి ఏమీ అంటలేదు. వాడు వేలితో ఓ అంచు గిల్లి నోట్లో పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ ముక్క తిని నాకేసి చూసింది.

"అక్కా, ఆర్డర్లు మళ్ళీ తీసుకుంటున్నారా?"

"పొద్దున్నపూట అయితే తీసుకుంటానమ్మా" అన్నాను.