అమ్మీ కమర్ కోసం ఒక ఇంచ్ తక్కువ

మా కారు టైర్లు అరిగిపోయాయి. మార్చక తప్పదు. మా పెద్దోడి షౌక్ 17 ఇంచుల అల్లాయ్స్. "బండి షానే మారిపోతది అబ్బా" అంటాడు. నా ఫికర్ వెనక సీట్లో కూర్చునే అమ్మీ గురించి. గుంత వచ్చినప్పుడల్లా "యా అల్లా" అంటూ కమర్ పట్టుకుంటుంది. ఆ నొప్పికి భయపడే రెండేళ్లుగా కర్నూలులో ఉన్న ఖాలా దగ్గరికి పోవడం మానేసింది.

అందుకే 16 నుంచి 15కి దిగుదామన్నాను. దీనికో హిసాబ్ ఉంది. మా టైరు 195/55 R16. వెడల్పు 195 మిల్లీమీటర్లు, అందులో 55 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 107. అదే 185/65 R15 అయితే సైడ్‌వాల్ 120. రిమ్ము చిన్నదైనా టైరు మొత్తం ఎత్తు రెండింటికీ దాదాపు 621 మిల్లీమీటర్లే. బండి కిందికి దిగదు, స్పీడోమీటర్ లెక్క తప్పదు. పెరిగిన ఆ రబ్బరూ గాలీ గుంత దెబ్బను కొంత తామే తింటాయి.

కొనేముందు కొన్ని చూసుకోవాలి. రిమ్ము లోపల బ్రేక్ కాలిపర్ తగలకూడదు. బోల్టుల కొలత, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ కుదరాలి. టైరు మోసే బరువు తగ్గకూడదు. 87 అని ఉంటే ఒక్కో టైరుకు 545 కిలోలు, 88 అయితే 560.

మలుపుల్లో బండి కాస్త మెత్తగా ఊగుతుంది, నిజమే. పెద్దోడికి ఒకటే చెప్పాను: "షాన్ బయట నిలబడి చూసేవాళ్లకి బేటా, సుకూన్ లోపల కూర్చున్నవాళ్లకి."

ఈ ఈద్‌కి కర్నూలు పోదామా అని అడిగాను. అమ్మీ జవాబివ్వలేదు. తన బురఖా ఇస్త్రీ చేయించమంది.