అయ్యగారు అధికారి కారు

ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగువారు ఇక్కడే స్థిరపడ్డారు. వర్క్‌షాపులో పై అధికారి మాటే శాసనం. బాప్టిస్టు సంఘంలో మాత్రం లెక్క వేరు. పైన బిషప్ ఉండడు. ఖలాసీకీ, ఫోర్‌మన్‌కూ ఒకటే ఓటు. పాస్టరును పిలిచేదీ, అవసరమైతే సాగనంపేదీ సంఘమే.

అయితే బెంగాలీల నడుమ తెలుగు మాట్లాడే పాస్టరు ఆదివారం ప్రసంగంతో సరిపెట్టుకోలేడు. పెళ్లికీ చావుకీ ఆయనే పెద్దదిక్కు. ‘అయ్యగారు’ అనే పిలుపులోని గౌరవం మెల్లగా పెత్తనమయ్యే ప్రమాదం అక్కడే ఉంది. అప్పుడిక కానుకల లెక్క అడిగితే దేవుణ్ణే నిలదీసినట్టు!

తెలుగు బాప్టిస్టుల చరిత్ర చెప్పేది వేరు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీ జాన్ క్లౌ అక్కడే ఉన్నా, నీళ్లలో దిగి ఆ పని చేసింది ఆరుగురు తెలుగు బోధకులు. అదీ వంతులవారీగా.

పాస్టరు బోధించాలి, ఓదార్చాలి, తప్పును తప్పనాలి. సభ్యత్వం, ఆస్తి, డబ్బు విషయాల్లో తీర్పు మాత్రం సంఘ సమావేశానిదే. అక్కడ ఆయన ఒప్పించవచ్చు, ఆదేశించకూడదు. ఆ తేడా చెరిగిపోతే రైల్వే ఊళ్లో ఆదివారం కూడా డ్యూటీయే.