పాత వస్తువు ఎవరిది?

1954లో టెల్కో సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. 1969 వరకూ జంషెడ్‌పూర్ లారీల ముందుభాగాన మూడు కోణాల నక్షత్రం మెరిసింది. నేడు పాత వస్తువుల అభిమానులకు ఆ చిహ్నం అపురూపం. తుక్కు వ్యాపారికి మాత్రం అది తూకానికి అమ్ముకునే లోహం.

ఉక్కు కంపెనీ తన గతాన్ని రుస్సీ మోడీ సెంటర్‌లో పదిలపరచుకుంది. శ్రీకాకుళం ప్రాంతం నుంచి వలస వెళ్లిన తెలుగు కార్మికుడి హెచ్‌ఎంటీ గడియారానికి, మాసిన పనిదుస్తులకు ఇంటి అటకే దిక్కు. మనుమల తరంలో అవీ అంగడికెక్కుతాయి. కొనేవారు బేరమాడే ముందు అవి ఎవరివో, ఆయన ఏ విభాగంలో పనిచేశారో అడిగి రాసుకోవాలి. ఆ వివరం పోతే మిగిలేది అలంకరణే. శ్రమ చరిత్ర కాదు.