ఎటు కూడినా నూరే!

పల్నాడనగానే గుర్తొచ్చేవి పౌరుషం, కోడిపందెం, కారెంపూడి యుద్ధభూమి. కానీ ఇదే సీమలో ఉన్న ఓ కొండ పేరుతో ముడిపడిన అంకెల చిక్కుముడి ఒకటుంది. మొత్తం పదహారు గడులు... అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకి ఎలా కూడినా వచ్చేది నూరే! సెలవుల్లో పిల్లల్ని నాగార్జునకొండకు తీసుకెళ్లే అమ్మానాన్నలు, సంచిలో మంచినీళ్ల సీసాతోపాటు ఓ కాగితం, పెన్సిలు కూడా పెట్టుకుంటే మంచిది.

నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కి కిటికీ పక్కన సీటు పట్టుకున్నారనుకోండి. ఊరు దాటగానే మిరప, పత్తి చేలు. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీలు. గురజాల దాటాక, ఎండలకు మారుపేరైన రెంటచింతల. దారి పొడవునా చేలకు కంచెలా పాతిన నాపరాళ్లు వెనక్కి పరుగెడుతుంటాయి. రెండు గంటలకు పైగా సాగే ప్రయాణం. ఫోన్లు లేని రోజుల్లో ఇలాంటి దారుల్లో పిల్లలకు విసుగు పుట్టకుండా పెద్దవాళ్ల దగ్గర ఓ మందుండేది. అదే లెక్క పొడుపు!

ఆకాశంలో పావురాల గుంపు ఒకటి వెళ్తోంది. చెట్టుమీద ఒంటరిగా కూర్చున్న పావురం 'మీరు వందమందా?' అని అడిగింది. గుంపులోని పెద్ద పావురం నవ్వి ఇలా చెప్పింది: 'కాదు. మేమూ, మా అంతమందీ, మాలో సగమూ, ఆ సగంలో సగమూ, వాటితోపాటు నువ్వూ కలిస్తే అప్పుడు వంద.' మరి గుంపులో ఎన్ని పావురాలున్నట్టు?

బడి పిల్లలైతే వెంటనే 'ఎక్స్ అనుకుందాం' అంటారు. బడి ముఖం చూడని తాతలు కూడా దీన్ని విప్పేవారు. ఎలాగంటే, ముందు గుంపులో నాలుగే ఉన్నాయనుకోవాలి. నాలుగు, మరో నాలుగు, సగం రెండు, దాన్లో సగం ఒకటి. మొత్తం పదకొండు. ఒంటరి పావురాన్ని తీసేస్తే మనకు కావలసింది తొంభైతొమ్మిది. అంటే పదకొండుకు తొమ్మిది రెట్లు. కాబట్టి నాలుగుకు కూడా తొమ్మిది రెట్లు... ముప్పైఆరు! ముందు ఏదో ఒక అంకె అనుకుని, తర్వాత దాన్ని సరిచేసుకునే ఈ పద్ధతిని 1150లో భాస్కరాచార్యుడు రాసిన 'లీలావతి'లో ఇష్టకర్మ అంటారు. అరుగుమీది తాతకు ఆ పేరు తెలియకపోవచ్చు. కిటుకు మాత్రం తెలుసు.

చెన్నకేశవుడి ముంగిట్లో...

మాచర్లలో దిగితే చంద్రవంక ఒడ్డున చెన్నకేశవస్వామి గుడి. పల్నాటి బ్రహ్మనాయుడి కథతో పెనవేసుకున్న కోవెల ఇది. గుళ్లూ, అరుగులూ ఎక్కడుంటే అక్కడ ఆటలూ, పొడుపులూ ఉన్నట్టే. చదునైన రాయి ఉంటే చాలు, సుద్దముక్కతో పులి-మేక గీత గీసేసేవారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులికి బలం ఉంటుంది, మేకలకు మంద ఉంటుంది. తొందరపడ్డవాడే ఓడతాడు.

గుడి పేరు చెప్పి అడిగే పొడుపు ఇంకొకటుంది. ఒక భక్తుడు కొన్ని పూలతో బయల్దేరాడు. దారిలో మూడు గుళ్లు, ఒక్కో గుడి ముందు ఒక్కో కోనేరు. కోనేట్లో ముంచితే చేతిలోని పూలు రెట్టింపవుతాయి. ముంచినప్పుడల్లా రెట్టింపైన పూలలోంచి ఒక్కో గుళ్లోనూ సమానంగా పూలు సమర్పించాడు. మూడో గుళ్లోంచి బయటికొచ్చేసరికి చేతిలో ఒక్క పువ్వూ మిగల్లేదు. మొదట అతని దగ్గర ఎన్ని పూలున్నాయి? ఒక్కో దేవుడికి ఎన్ని పెట్టాడు? కనీసం ఎన్ని ఉంటే చాలు? జవాబు చివర్లో ఉంది. సాగర్ చేరేదాకా ఆలోచించుకోవచ్చు.

నీళ్లలో మునిగిన నగరం

మాచర్ల నుంచి సాగర్‌ సుమారు పాతిక కిలోమీటర్లు. దారిలోనే ఎత్తిపోతల జలపాతం. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే నీళ్ల మధ్య దీవిలా కనిపించేదే నాగార్జునకొండ. లాంచీలు నీటిమట్టాన్నీ, వాతావరణాన్నీ బట్టి నడుస్తాయి కాబట్టి ముందే కనుక్కుని బయల్దేరడం మేలు. శుక్రవారం మ్యూజియానికి సెలవు.

లాంచీ కింద ఉన్నది ఒట్టి నీళ్లు కాదు. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజులు ఏలిన విజయపురి ఉన్న లోయ అది. 1926లో ఈ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయంతా మునిగిపోతుందని అప్పటికే తేలిపోయింది. నీళ్లొచ్చేలోగా వీలైనంత బయటికి తీయాలని 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయను తవ్వింది. ముఖ్యమైన కట్టడాల్ని కొన్నిటిని ఇటుక ఇటుకా విప్పి కొండమీదా, ఒడ్డునున్న అనుపు దగ్గరా మళ్లీ కట్టింది.

ఆ కట్టడాల్లోనూ లెక్క ఉంది. ఇక్కడి పెద్ద స్తూపాల్ని పునాది నుంచీ బండిచక్రంలా కట్టారు. మధ్యలో కుంభి, దాన్నుంచి చుట్టూ ఆకులు, బయట వలయం... అన్నీ ఇటుక గోడలే. ఆ గోడల మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. దీంతో ఇటుక ఆదా అవుతుంది, కట్టడమూ నిలుస్తుంది. కొండమీదికెళ్లినప్పుడు ఒక్కో చక్రానికి ఎన్ని ఆకులున్నాయో పిల్లల్ని లెక్కపెట్టమనండి. అన్నిటికీ ఒకే సంఖ్య రాదు.

పదహారు గడుల కిటుకు

ఇక అసలు చిక్కుముడి. ఈ కొండకు పేరిచ్చిన నాగార్జునుడి పేరుమీదే 'కక్షపుటం' అనే సంస్కృత గ్రంథం ఒకటుంది. ప్రధానంగా అది తంత్ర గ్రంథం. నాలుగు అడ్డ వరసలు, నాలుగు నిలువు వరసలుండే మాయా చదరాలు తయారుచేసే పద్ధతి అందులో ఉంది. వాటిలో ఒకదానికి ప్రత్యేకంగా 'నాగార్జునీయం' అనే పేరుంది. గణిత చరిత్ర పుస్తకాల్లో కనిపించే ఆ చదరం ఇదీ:

30   16   18   36
10   44   22   24
32   14   20   34
28   26   40    6

అడ్డంగా కూడండి, నూరు. నిలువుగా కూడండి, నూరు. మూల నుంచి మూలకి కూడినా నూరే. నాలుగు మూలల్లోని అంకెలు మాత్రమే తీసుకున్నా నూరే. పక్కపక్కన ఉన్న ఏ నాలుగు గడుల ముక్క తీసుకున్నా, అంటే 30, 16, 10, 44 లాంటివి, అదీ నూరే!

కిటుకేంటంటే, చదరంగంలో శకటు నడిచినట్టు ఏటవాలుగా వెళ్లండి. ఏ గడి నుంచైనా ఏటవాలుగా రెండో గడిలో ఉన్న అంకెను దానితో కలిపితే యాభై వస్తుంది. 30కి 20 జోడీ, 44కి 6, 36కి 14, 10కి 40. ఇలా ఎనిమిది జోడీలు. ఈ జోడీలు పట్టుకుంటే చదరం గుట్టు సగం తెలిసిపోయినట్టే.

మీకు నచ్చిన మొత్తం వచ్చేలా చదరం తయారుచేసుకునే ఉపాయం కూడా ఆ గ్రంథమే చెప్పింది. దానికి ఎనిమిది అంకెలు చాలు. మిగతా ఎనిమిది గడులూ ఖాళీ.

0   1   0   8
0   9   0   2
6   0   3   0
4   0   7   0

సున్నా ఉన్న చోటల్లా ఖాళీ గడి అని అర్థం. ఇంట్లో తాతయ్య వయసు 76 అనుకోండి. అందులో సగం 38. ఒక్కో ఖాళీ గడి నుంచి ఏటవాలుగా రెండో గడిలో ఏ అంకె ఉందో చూడాలి. దాన్ని 38లోంచి తీసేసి, వచ్చినదాన్ని ఖాళీలో రాయాలి. మొదటి గడికి జోడీ 3. కాబట్టి అక్కడ 35. అన్నీ నింపితే...

35    1   32    8
31    9   34    2
 6   30    3   37
 4   36    7   29

ఎటు కూడినా 76. తాతయ్య పుట్టినరోజుకు ఇంతకన్నా మంచి కానుక ఏముంటుంది! మొత్తం సరిసంఖ్య అయి, 38 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఒక్క అంకె కూడా రెండోసారి రాదు.

అక్షరాల్లో దాచిన అంకెలు

ఆ ఎనిమిది అంకెల్ని గ్రంథంలో అంకెలుగా రాయలేదు. మాటల్లో దాచారు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకు ఈ 'కటపయాది' పద్ధతి తెలిసే ఉంటుంది. క, ట, ప, య అక్షరాలకు ఒకటి విలువ. అక్కడి నుంచి వరసగా లెక్కపెట్టుకుంటూ పోవాలి. 'న'కు సున్నా. మాట మొదట్లో ఒంటిగా వచ్చే అచ్చుకూ సున్నాయే. ధీరశంకరాభరణంలో 'ధ' తొమ్మిది, 'ర' రెండు. వెనక నుంచి చదివితే 29. ఆ రాగం మేళకర్తల్లో ఇరవై తొమ్మిదోది మరి! మేచకల్యాణి అలాగే 65. చదరంలో మాత్రం వెనక నుంచి చదవాల్సిన పని లేదు. ఒక్కో అక్షరాన్నీ వరసగా ఒక్కో గడిలో పెట్టుకుంటూ పోవడమే. 'నారీ' అంటే ఒక గడి ఖాళీ, పక్క గడిలో 2.

ఇలా అంకెల్ని మాటల్లో దాచడం తెలుగు కవులకూ ఇష్టమైన పనే. పల్నాటికి పొరుగున, ఇప్పటి బాపట్ల జిల్లాలో పావులూరు ఉంది. ఆ ఊరి పేరే ఇంటిపేరైన పావులూరి మల్లన మహావీరాచార్యుడి 'గణిత సార సంగ్రహా'న్ని తెలుగులోకి తెచ్చాడు. రాజరాజ నరేంద్రుడి కాలంవాడని చెబుతారు. చదరంగం బల్లమీద మొదటి గడిలో ఒక గింజ, రెండో దాన్లో రెండు, మూడో దాన్లో నాలుగు... ఇలా అరవైనాలుగు గడులూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలో చెప్పే తెలుగు పద్యం ఆయనదిగా ప్రచారంలో ఉంది. అందులో శరమంటే అయిదు, చంద్రుడంటే ఒకటి, వేదమంటే నాలుగు. ఆ మాటల్ని చివరి నుంచి మొదటికి అంకెలుగా మారిస్తే 18446744073709551615 వస్తుంది. ఇరవై అంకెల సంఖ్య!

ఖాళీ గడి ముందు...

ఇంతకీ నూరు చదరం కట్టిన నాగార్జునుడూ, ఈ కొండ నాగార్జునుడూ ఒకరేనా?

అవునంటే ఎంత బాగుంటుందో! ఆచార్య నాగార్జునుడు శూన్యవాది. ఏ విషయాన్నయినా 'ఉంది, లేదు, ఉండీ లేదు, రెండూ కాదు' అని నాలుగు మూలలా పరీక్షించిన తార్కికుడు. చదరానికీ నాలుగు మూలలే. అందులో ఖాళీ గడికి గుర్తూ శూన్యమే! అంతా అతికినట్టు సరిపోయింది కదా అనిపిస్తుంది.

కానీ పండితులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఆచార్యుడి కాలం సుమారు క్రీస్తుశకం రెండో శతాబ్దం. కక్షపుటం ఆ తర్వాత శతాబ్దాలకు గానీ పుట్టలేదనీ, దాన్ని రాసింది అదే పేరున్న మరో సిద్ధుడనీ చాలామంది అభిప్రాయం. అసలు ఆచార్యుడు ఈ కొండమీద ఉన్నాడన్నది కూడా తరతరాలుగా వస్తున్న మాటే తప్ప, చరిత్రకారులందరూ అంగీకరించిన విషయం కాదు. ఇక్ష్వాకుల శాసనాల్లో కనిపించే పేరు శ్రీపర్వతం.

పిల్లలకు ఇది చెబితే ముందు ముఖాలు చిన్నబోతాయి. కానీ కాసేపు చదరంతో కుస్తీ పట్టిన పిల్లలకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. గడి ఖాళీగా ఉంది కదా అని నచ్చిన అంకె వేస్తే ఒక వరస కుదరొచ్చు. నిలువు వరస తప్పుతుంది, మూలల లెక్క తప్పుతుంది. అన్ని వైపుల నుంచీ కూడి చూసుకుని, సరిపోతేనే రాయాలి. లేదంటే ఖాళీగా ఉంచాలి. లోయ మునిగిపోతోందని తెలిసి ఆరేళ్లపాటు మన్ను తవ్విన వాళ్లూ అదే చేశారు. దొరికిన రాయికి దొరికిన చోటు రాసుకున్నారు. దొరకనిదాన్ని అలాగే వదిలేశారు.

సాయంత్రం తిరుగు లాంచీలో కొండ చిన్నదవుతూ వెనకబడుతుంది. పెన్సిలు పట్టుకున్న పిల్ల ఎవరైనా అప్పటికి చదరంలో ఏడు గడులు నింపి, ఎనిమిదో దానికి జోడీ వెతుకుతూ ఉంటుంది. జవాబు ఫోన్లో క్షణంలో దొరుకుతుంది, నిజమే. అయినా కాసేపు వెతకనివ్వండి!

ఇంటికెళ్లాక విప్పండి

1. మీ ఊరి పిన్‌కోడ్‌లో చివరి రెండంకెలు తీసుకోండి. అది సరిసంఖ్య అయి, 38 కన్నా పెద్దదైతే దానితో చదరం కట్టండి. చిన్నదైతే నూరు కలుపుకోండి. బేసి అయితే రెట్టింపు చేసి, అప్పటికీ చిన్నదైతే నూరు కలుపుకోండి.

2. పైన చెప్పిన ఎనిమిది అంకెలతోనే నూరు వచ్చే చదరం కట్టండి. నాగార్జునీయంతో పోలిస్తే అంకెలు వేరుగా ఉంటాయి. ఏటవాలు జోడీల మొత్తం మారిందా?

3. మూడు గుళ్ల పొడుపులో గుళ్లు నాలుగైతే కనీసం ఎన్ని పూలుండాలి?

జవాబులు: మూడు గుళ్లకు 7 పూలు, ఒక్కో గుళ్లో 8. నాలుగు గుళ్లకు 15 పూలు, ఒక్కో గుళ్లో 16. రెండో ప్రశ్నలో మొదటి వరస 47, 1, 44, 8. జోడీల మొత్తం మారదు, అక్కడా యాభయ్యే.