అంచనా ఎవరిది? అపకీర్తి ఎవరికి?

ఒక యువకుని భావి సామర్థ్యాన్ని ముందుగా లెక్కకట్టడం ఎంత కష్టమో తెలుసుకోగోరేవారికి, అమెరికా ఫుట్‌బాల్‌లో ‘పాస్ రషర్’ను ఎంపిక చేసే విధానం ఒక మంచి పాఠ్యగ్రంథం వంటిది. కళాశాల జట్టులో ఆడిన కుర్రవాడు వృత్తి క్రీడాకారుడిగా రాణిస్తాడా లేదా అని తేల్చడానికి అక్కడ గజాలు, సెకన్లు, కిలోలు, అంగుళాలు అన్నీ కొలుస్తారు. ఇంత కొలిచిన తరువాత కూడా తప్పుతుంటారు. ఆ తప్పు ఎక్కడ జరుగుతున్నదో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. లోహాలను పరీక్షించే ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు గడిపిన నావంటి వానికి ఈ విషయం పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదనుకుంటాను.

ముందుగా ఆటను గురించి నాలుగు మాటలు. ఇది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతిని కాళ్లతో కంటే చేతులతోనే ఎక్కువగా ఆడతారు. మైదానంలో ఒక్కో జట్టుకు 11 మంది. బంతి చేతనున్న జట్టుకు సూత్రధారి క్వార్టర్‌బ్యాక్. అతడు బంతిని అందుకొని, దూరంగా పరుగెత్తే తనవారిలో ఒకరికి విసరాలి. విసరక ముందే అతణ్ణి చేరి పడగొట్టవలసినవాడు పాస్ రషర్. అలా పడగొడితే దానిని ‘శాక్’ అంటారు. ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం. 1982 నుంచి దీనిని ఆటగాడి పేరిట అధికారికంగా లెక్కిస్తున్నారు. ఒక సీజనులో 10 శాక్‌లు సాధించినవాణ్ణి దొడ్డ ఆటగాడిగా గౌరవిస్తారు.

బంతి సాధారణంగా రెండున్నర, మూడు సెకన్లలో చేయి దాటిపోతుంది. ఆ లోపల పాస్ రషర్ తన ఎదుట నిలిచిన 140 కిలోల కాపలాదారును తప్పించుకొని వెళ్లాలి. మన చెడుగుడులో కూత ఆగేలోగా వెనుక వరుసలోని మనిషిని తాకి రావడం ఎంత కష్టమో ఆడినవారికి తెలుసు. ఇక్కడి కూత వ్యవధి రెండున్నర సెకన్లు మాత్రమే.

కళాశాల ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమానికి ‘డ్రాఫ్ట్’ అని పేరు. 32 జట్లు వంతుల వారీగా, ఏడు ఆవృత్తాలలో, కుర్రవాళ్లను పేరుపేరునా తీసుకుంటాయి. ముందు వరుసలో పిలుపు వచ్చినవానికి జీతం ఎక్కువ, కీర్తి ఎక్కువ, అతనిపై పెట్టుకునే ఆశా ఎక్కువే. డ్రాఫ్ట్‌కు ముందు ఏటా ఇండియానాపొలిస్ నగరంలో ‘కంబైన్’ అనే పరీక్షల మేళా జరుగుతుంది. 1987 నుంచి దీనికి ఆ నగరమే వేదికగా ఉంటూ వచ్చింది. మా అమ్మాయి కాపురం ఆ ఊళ్లోనే కనుక, 2024 ఫిబ్రవరి నెలాఖరున మా అల్లుడుగారి పక్కన కూర్చొని టీవీలో ఆ తతంగమంతా చూసే భాగ్యం నాకు కలిగింది. బయట ఎముకలు కొరికే చలి. చేయగలిగిన పని మరొకటి లేదు.

40 గజాల పరుగు, నిలువు దూకుడు, ముందుకు దూకుడు, మూడు శంకువుల చుట్టూ మలుపులు తిరిగే పరుగు, వెల్లకిలా పడుకొని 102 కిలోల బరువును ఆగకుండా ఎన్నిసార్లు ఎత్తగలరో చూసే పరీక్ష, చేతి పొడవు, అరచేతి వెడల్పు, ఇలా సాగుతుంది జాబితా. “మామయ్యగారూ, మీ ల్యాబులో ఇనుప కడ్డీకి చేసేదంతా వీళ్లు మనిషికి చేస్తారు,” అన్నారు మా అల్లుడుగారు. మాట సరదాకు అన్నదే అయినా నన్ను ఆలోచనలో పడవేసింది. టెన్సైల్ టెస్టులో అద్భుతంగా నిలిచిన ఉక్కు చలిలో ఒక్క దెబ్బకు గాజులా పగలవచ్చు. అందుకే చార్పీ ఇంపాక్ట్ టెస్టు వేరుగా చేస్తాం. ఒక గుణాన్ని కొలిచి మరొక గుణానికి పూచీ ఇవ్వరాదన్నది మా వృత్తిలో మొదటి పాఠం.

ఈ పాఠాన్ని ఆటలో చూపించిన పేర్లు కొన్ని ఉన్నాయి. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన వెర్నన్ గోల్‌స్టన్ 2007 సీజనులో 14 శాక్‌లు చేశాడు. కంబైన్‌లో 102 కిలోల బరువును 37 సార్లు ఎత్తాడు. 120 కిలోల దేహంతో 40 గజాలను 4.7 సెకన్ల లోపే పరుగెత్తాడు. 2008 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ జెట్స్ జట్టు అతణ్ణి ఆరవ స్థానంలో ఎంచుకుంది. మూడు సీజన్లలో అతడు చేసిన శాక్‌ల సంఖ్య సున్న. అంతకు ముందు 1995లో బోస్టన్ కాలేజీకి చెందిన మైక్ మములా, ఈ పరీక్షల కోసమే ప్రత్యేకంగా సాధన చేసి వచ్చి అందరినీ దిగ్భ్రాంతులను చేశాడు. అతని కోసం ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టు తన 12వ స్థానంతో పాటు మరి రెండు అవకాశాలను ధారపోసి ఏడవ స్థానాన్ని పొందింది. మములా ఆట తీసివేయదగినది కాదు. మొత్తం 31.5 శాక్‌లు చేశాడు. కానీ ఈగిల్స్ వదులుకున్న ఆ 12వ స్థానంలో టాంపా బే జట్టు తీసుకున్న వారెన్ శాప్ తరువాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. ఇందుకు విరుద్ధంగా అరిజోనా స్టేట్‌కు చెందిన టెరెల్ సగ్స్‌ను చూడండి. 2002లో ఒకే సీజనులో 24 శాక్‌లు చేసి కళాశాల స్థాయిలో రికార్డు నెలకొల్పాడు. పరిశీలకుల ఎదుట 40 గజాలు పరుగెత్తడానికి సుమారు 4.8 సెకన్లు తీసుకోగానే ‘నిదానం’ అని పెదవి విరిచారు. 2003లో పదవ స్థానంలో బాల్టిమోర్ అతణ్ణి తీసుకుంది. ఆట విరమించేనాటికి అతని ఖాతాలో 139 శాక్‌లు ఉన్నాయి.

అయితే కొలతలన్నీ వృథా అనడం కూడా తొందరపాటే. ఏ కొలత ఏ పనికి సంబంధించినదో చూడాలి. పాస్ రషర్ తన పనిలో 40 గజాలు తిన్నగా పరుగెత్తే సందర్భం దాదాపు రాదు. అతనికి కావలసినది మొదటి 10 గజాల విసురు. ఆ తరువాత మలుపు. కాపలాదారు భుజాన్ని రాసుకుంటూ చిన్న వంపు తిరిగి క్వార్టర్‌బ్యాక్ వైపు మళ్లాలి. ఇక్కడ చిన్న లెక్క వేసుకున్నాను. సెకనుకు 5 మీటర్ల వేగంతో, 3 మీటర్ల వ్యాసార్ధం గల వంపును తిరగాలంటే, దేహం నిటారు స్థితి నుంచి సుమారు 40 డిగ్రీలు లోపలికి వాలాలి. మలుపులో మోటారు సైకిలు వాలినట్లు అన్నమాట. అంత వాలినప్పుడు పాదం జారకుండా నేలను పట్టుకోవాలి, చీలమండ ఆ కోణానికి లొంగాలి. అదే క్షణంలో 140 కిలోల మనిషి పక్కనుంచి నెడుతూనే ఉంటాడు. వాలలేనివాడు వేగం తగ్గించాలి, లేదా పెద్ద వంపు తిరగాలి. రెండింటిలో ఏది చేసినా రెండున్నర సెకన్లు గడిచిపోతాయి. అనుభవజ్ఞులైన పరిశీలకులు ‘వంగగలడు’, ‘వంగలేడు’ అని ఒక్క మాటలో తేల్చేది ఈ గుణాన్నే. మూడు శంకువుల పరుగులో దీని ఛాయ కొంత కనిపిస్తుంది. బరువులెత్తడంలో బొత్తిగా కనిపించదు.

చేతి పొడవు సంగతి కూడా ఇటువంటిదే. పొడవైన చేయి కలవాడు ముందుగా ఎదుటివాని రొమ్మును తాకి దూరంగా నిలబెట్టగలడు. అది నిజమే. కానీ 6 అడుగుల 1 అంగుళం ఎత్తు చాలదని కొందరు సందేహించిన డ్వైట్ ఫ్రీనీ, 2002లో కోల్ట్స్ జట్టులో చేరిన తొలి ఏడే 13 శాక్‌లు చేశాడు. అతడు బొంగరంలా గిర్రున తిరిగి లోపలికి దూసుకుపోయే తీరును ఈనాటికీ తలచుకుంటారు. ఆరడుగులైనా లేని ఎల్విస్ డూమర్‌విల్‌ను 2006లో నాలుగవ ఆవృత్తం దాకా ఎవరూ పిలవలేదు. 2009లో 17 శాక్‌లతో మొత్తం లీగుకే ప్రథముడయ్యాడు. పొట్టివాడు ఎత్తరి చేతుల కిందినుంచి దూరిపోతాడన్న మాట మనవాళ్లకు కొత్త కాదు, కుస్తీ గోదాలో కూర్చున్న పెద్దలెవరినడిగినా చెబుతారు.

ఇక శాక్‌ల సంఖ్య. కళాశాల సీజనులో ఆడేవి 12, 13 మ్యాచ్‌లు. అందులో ఒకడు 12 శాక్‌లు, మరొకడు 8 చేశారనుకుందాం. పత్రికలు మొదటివాణ్ణి ఆకాశానికెత్తుతాయి. అరుదుగా జరిగే సంఘటనలను లెక్కించేటప్పుడు, 9 అనే సంఖ్యకు ఇటూ అటూ 3 వరకూ తేడా కేవలం అదృష్టం వల్ల రావచ్చునని గణాంక శాస్త్రం తెలిసినవారికి విదితమే. 12కూ 8కీ నడుమ ఉన్న తేడా మనిషిలోనిదో, కాలం కలిసి రావడంలోనిదో చెప్పలేము. అందువల్ల తెలిసినవారు పడగొట్టిన సందర్భాలతో పాటు, దాదాపు చేరి క్వార్టర్‌బ్యాక్‌ను తొందరపెట్టిన సందర్భాలనన్నిటినీ లెక్కిస్తారు. అవి 50 ఉంటే అనిశ్చితి 7 మాత్రమే. మూడవ వంతుగా ఉన్న దోషం ఏడవ వంతుకు దిగుతుంది.

డనీల్ హంటర్ విషయంలో ఈ తేడా కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. ఎల్‌ఎస్‌యూలో తన ఆఖరి సీజనులో అతడు చేసినవి ఒకటిన్నర శాక్‌లు మాత్రమే. అయినా 2015లో మిన్నెసోటా జట్టు 88వ స్థానంలో తీసుకుంది. 2018లో 14.5, 2019లో మళ్లీ 14.5. అతని పొడవైన చేతులు, మొదటి విసురు పుట్టుకతో వచ్చినవి. చేతులను ఎప్పుడు, ఎలా వాడాలన్నది నేర్పగలిగినది. హీట్ ట్రీట్‌మెంట్‌తో ఉక్కు గుణాన్ని ఎంతో మార్చవచ్చు, కరిగించి పోసినప్పటి కూర్పును మార్చడం వేరే సంగతి. ఎదుట ఉన్న లోపం ఈ రెంటిలో ఏ తరగతికి చెందినదో చెప్పగలవాడే నిజమైన పరీక్షకుడని నా అభిప్రాయం.

అన్నిటికంటే నన్ను ఆకర్షించినది 2019 నాటి రైడర్స్ జట్టు ఎంపిక. ఒకే డ్రాఫ్ట్‌లో ఆ జట్టు ఇద్దరు పాస్ రషర్లను తీసుకుంది. క్లెలిన్ ఫెరెల్ నాలుగవ స్థానంలో, మాక్స్ క్రాస్బీ 106వ స్థానంలో. ఫెరెల్ ఆడిన క్లెమ్సన్ ఆనాటి జాతీయ విజేత. ఆ రక్షణ వరుసలో అతని సరసన నిలిచిన క్రిస్టియన్ విల్కిన్స్, డెక్స్టర్ లారెన్స్ ఇద్దరూ అదే డ్రాఫ్ట్‌లో మొదటి ఆవృత్తంలోనే ఎంపికయ్యారు. ఎదుటి జట్టు ఎవరిని కాచుకోవాలో తెలియక తికమకపడుతున్నప్పుడు ఫెరెల్‌కు లభించిన దారి ఎంత తన బలంతో ఏర్పడినది, ఎంత పక్కవారి బలంతో ఏర్పడినది? క్రాస్బీ ఆడినది ఈస్టర్న్ మిషిగన్‌లో. అతని గురించి సందేహం దీనికి తలకిందులు. బలహీనులపై గెలిచాడేమో! మొదటి సీజనులో క్రాస్బీ 10 శాక్‌లు చేశాడు, ఫెరెల్ 4.5. 2020లో క్రాస్బీ మద్యపాన వ్యసనం నుంచి బయటపడడానికి చికిత్సలో చేరాడు. ఆ విషయం తరువాత తానే బాహాటంగా చెప్పుకున్నాడు. 2023లో 14.5 శాక్‌లు చేశాడు. ఆ పట్టుదలను కొలిచే గడియారం ఇండియానాపొలిస్‌లో లేదు.

“ఫెరెల్ పెద్ద ఫెయిల్యూర్,” అని మా అల్లుడుగారు తేల్చివేశారు. నేను ఒప్పుకోలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా వాదన సాగింది. మా అమ్మాయి విసుక్కొని పప్పుగిన్నె మా ఇద్దరి మధ్య పెట్టి వెళ్లిపోయింది. నా వాదన ఒక్కటే. నాలుగవ స్థానాన్ని ఫెరెల్ దరఖాస్తు పెట్టి అడగలేదు. ఆరవ స్థానాన్ని గోల్‌స్టన్ అడగలేదు. ఆ అంకె వేసినవారు వేరు. అంచనా తప్పినప్పుడు ఆ తప్పును అంచనా వేసినవాని నుదుట కాక, వేయించుకున్నవాని నుదుట రాస్తారు. ఇరవై రెండేళ్ల కుర్రవాడు జీవితాంతం ఆ బిళ్లను మెడలో మోయాలి.

పాఠక మిత్రులకు ఇది దూరదేశపు వినోదంగా తోచవచ్చు. ఏడాది శిక్షణ ముగించిన ట్రైనీల నివేదికలను పరిశీలించే కమిటీలో కొన్నేళ్లుగా కూర్చుంటున్న నాకు అలా తోచదు. ఒక ఏడు ఒక కుర్రవాని నివేదికలో ‘చొరవ లేదు’ అని రాసి ఉంది. విచారిస్తే, అతణ్ణి వేసిన మిల్లు ఆ ఏడాదిలో ఆరు నెలలు భారీ మరమ్మతు కింద నిలిచి ఉంది. పని సాగని చోట చొరవ చూపడం ఎలా? కమిటీ అతణ్ణి మరొక షాపుకు మార్చి, ఆరు నెలల తరువాత మళ్లీ చూడాలని నిర్ణయించింది. అతడు ఈనాడు క్రేన్ల విభాగంలో రాత్రి షిఫ్టు బాధ్యత చూస్తున్నాడు. అప్పటి నుంచి నేను ప్రతి నివేదిక అంచున పెన్సిలుతో మూడు విషయాలు రాసుకుంటాను. ఏ షాపు, ఎవరి కింద, ఆ కాలంలో ఆ యంత్రం ఎన్ని రోజులు నడిచింది.

ఫెరెల్ విషయానికి వస్తే, అతడు నాలుగేళ్లు రైడర్స్ జట్టులో ఉన్నాడు. 2023లో శాన్‌ఫ్రాన్సిస్కోకు, 2024లో వాషింగ్టన్‌కు మారాడు. ఏటా కొత్త కుర్రవాళ్లు వచ్చి పాతవాళ్లను తోసివేసే ఆ లీగులో ఆరు సీజన్లు జట్టులో చోటు నిలుపుకోవడం సామాన్యం కాదు. 106వ స్థానంలో వచ్చినవాడు అదే పని చేసి ఉంటే, ఎంచుకున్నవారిని మెచ్చుకునేవారు.