మందం తింటది

చిందోళ్ల ఆట రాత్రి బువ్వలు తిన్నాక మొదలయ్యేది. మా పిల్లలకు మాత్రం మధ్యాహ్నమే మొదలు. ఊరి బయట చింతచెట్టు కింద చాపలు పరిచి, పెట్టెలు విప్పి వాళ్లు సామాను సర్దుకుంటుంటే చుట్టూ మూగేవాళ్లం. ముఖానికి పూసే అర్దళం నూరే రాయి, చేతి అద్దాలు, గజ్జెలు, భుజకీర్తులు, వాటి నడుమ చాప మీద బోర్లించిన కిరీటం. రాత్రి పెట్రొమాక్స్ వెలుతురులో అది బంగారం. పగలు చూస్తే పొనికి కట్టె. ఒకసారి ఎవరూ చూడకుండా ఎత్తి చూశాను. ఎండిన సొరకాయ బుర్రంత తేలిక. లోపల తలకు ఒరుసుకోకుండా చుట్టిన పాత చీర పేలిక, చెమట వాసన. రాత్రంతా ఎగిరి దూకే వేషగాడి తల మీద బరువైనదేదీ నిలవదని అప్పుడే తెలిసింది.

2024లో మా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి పద్మశ్రీ ఇచ్చారని టీవీలో చెప్పినప్పుడు అందరూ ఆయన ఆటను తలచుకున్నారు. నాకు ఆ బోర్లించిన కిరీటం గుర్తొచ్చింది.

నా చిన్నతనంలో జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లావే. 2016 అక్టోబరు 11న మూడింటి పేర్లతో మూడు జిల్లాలయ్యాయి. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు గాని మా ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదు, మానుకోటే. నాకు అవి మూడు ఇళ్లు. జనగామ వైపు మా పల్లె, నాయిన కుట్టుమిషను. మానుకోట దగ్గర అమ్మమ్మ ఊరు. భూపాలపల్లిలో సింగరేణి బాయిలో పనిచేసే చిన్నమామ. మానుకోటకు జనగామ స్టేషన్లో రైలెక్కితే సరి. భూపాలపల్లికి రైలు లేదు, హన్మకొండ నుంచి పరకాల మీదుగా బస్సు. ఆ బస్సు దిగేసరికి తల నిండా దుమ్ము.

ఎనిమిదో తరగతిలో, 1991లో, మా బడి వార్షికోత్సవానికి మయసభ ఘట్టం వేయించాలని తెలుగు సారు పట్టుబట్టాడు. దుర్యోధనుడు నీళ్లని తెలియక అడుగేసి జారిపడతాడు, కిరీటం దొర్లుకుంటూ పోతుంది, సభ నవ్వుతుంది. సారు మనసులో ఆట మొత్తం ఆ కిరీటం దొర్లడం మీదే ఉంది. అద్దెకు తెచ్చేందుకు బడిలో పైసలు లేవు. "నువ్వు దర్జీ కొడుకువు గదా, కిరీటం నీ పని" అన్నాడు. వేషం ఇవ్వని సారు పని ఇచ్చాడు.

మొదట థర్మాకోల్ తెచ్చాను. పెళ్లి పందిట్లో మిగిలిన పలక. బ్లేడుతో కోస్తే కిచకిచమంటూ తెల్ల గింజలు రాలేవి, అవి చేతికీ లాగుకూ అంటుకుని వదిలేవి కావు. వంగదు కాబట్టి ముక్కలు ముక్కలుగా కోసి, సైకిల్ షాపులో పంచరుకు వాడే సొల్యూషన్ అడిగి తెచ్చి పూశాను. చూస్తుండగానే పూసిన చోటల్లా గుంటలు పడ్డాయి. చెదలు తిన్నట్టు కిరీటం లోపలికి కరిగిపోయింది. సొల్యూషన్‌లో పెట్రోలు జాతి ద్రవం ఉంటుందని, థర్మాకోల్‌ను అది చక్కెరలా కరిగిస్తుందని చదువుకున్నది చాలా ఏళ్ల తర్వాత. ఆ రోజు మాత్రం సైకిల్ షాపాయన నాకు కల్తీ మందిచ్చాడనే నమ్మాను.

తర్వాత నాయిన చేయి వేశాడు. అట్ట మీద జరీ గుడ్డ అతికించి, చుట్టి కుట్టాడు. చుట్టుకొలత కుదిరింది. కాని అది దుర్యోధనుడి కిరీటంలా లేదు, బ్యాండు మేళం వాళ్ల టోపీలా నిలువు డబ్బా. పైన గుండ్రం రావాలంటే అట్ట మడతలు పడింది. "బట్టయితే డాట్లు పెడ్తా. అట్టకు డాట్లెక్కడ పెట్టాలె?" అన్నాడు నాయిన, తన మిషను ముందు తనే ఓడినట్టు.

బల్లపరుపు వస్తువును ఒక్క దిక్కుకే వంచొచ్చు. గొట్టమవుతుంది, పొట్లమవుతుంది. రెండు దిక్కులా ఒకేసారి వంగమంటే మొరాయిస్తుంది. తల మాత్రం రెండు దిక్కులా వంగే ఉంది. టోపీ కుట్టిన ప్రతివాడి తంటా ఇదే. దీనికి నేను చూసిన మనుషులు తలా ఒక దారి పట్టారు.

అమ్మమ్మది మడత. మానుకోట వానల్లో నాట్లకు పోతూ ఆమె 50 కిలోల యూరియా సంచి తీసుకుని, అడుగు మూల ఒకదాన్ని లోపలికి తోసి రెండో మూలలోకి దూర్చేది. రెండు మూలలూ ఒకదాంట్లో ఒకటి ఒదిగి కొసదేలిన కొప్పెర అయ్యేది. నెత్తిన పెట్టుకుంటే వీపు మీదికి నడుం దాకా దిగేది. కత్తెర లేదు, దారం లేదు. పని అయ్యాక దులిపి విప్పితే మళ్లీ సంచే. గొల్లోళ్లు గొంగడికీ ఇదే చేసేవాళ్లు, కాకపోతే తడిసిన గొంగడి మేకపిల్లంత బరువు.

పెంబర్తి వాళ్లది సుత్తి. జనగామ నుంచి హైదరాబాద్ రోడ్డు మీదనే ఆ ఊరు. నాయిన కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి నన్ను అక్కడికి తోలేవాడు. 2010లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఇత్తడి పని అది. వాకిట్లో లక్క పరిచిన పీట మీద ఇత్తడి రేకు అంటించి, ఉలితో వెనక నుంచి కొడుతూ పోతే ముందు వైపు సింహం ముఖం ఉబ్బి వచ్చేది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆ పనివాడు తలెత్తకుండానే అన్నాడు: "రేకు సాగుతది పిలగా. సాగే దానికి కోత అక్కరలేదు." నా అట్ట సాగదు గదా అనుకుంటూ ఇంటికొచ్చాను.

కోత నేర్పింది మా ఊరి చెప్పులు కుట్టే తాత. ఒకప్పుడు ఆయన చేసే కిర్రు చెప్పుల కోసం పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లట. నాకు ఊహ తెలిసేనాటికి అందరి కాళ్లకూ హవాయి చెప్పులే. ఆయన కూడా తోలు తగ్గించి, వరంగల్ నుంచి రబ్బరు షీట్లు తెచ్చి అరిగిన అడుగులకు అతికించేవాడు. నొక్కితే దిగి మళ్లీ లేచే షీటు, పలుచనిది, పావు అంగుళం మందం. లోపలంతా కంటికానని గాలి బుడగలు. తాత అరుగు మీద అది చూసినప్పుడు పొనికి కట్టె గుర్తొచ్చింది. తేలిక, మెత్తన, పైగా వంగుతుంది.

"కిరీటమా, దీంతోనా?" అని తాత నవ్వాడు. నవ్వి, ఒక ముక్క ఇచ్చాడు. పైసలు అడగలేదు గాని, నాయినతో తన అంగీ ఉత్తగా కుట్టించుకున్నాడు.

నాయిన టేపుతో దుర్యోధనుడి తల కొలిచాను. 21.5 అంగుళాలు. సరిగ్గా అంతే పొడుగు పట్టీ కోసి, రెండు కొసలూ కలిపి పెట్టి చూస్తే వాడు "నొస్తుందిరా" అని మొత్తుకున్నాడు. మళ్లీ కొలిచాను, 21.5. తప్పెక్కడో అర్థం కాలేదు. తాత ఆ పట్టీని చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య తిప్పాడు.

"బట్ట కొలత పెట్టినవు బిడ్డా. ఇది బట్ట గాదు. మందం తింటది."

అంతకు మించి వివరించలేదు. ఆ మాటలోని లెక్క నేను పదో తరగతిలో వృత్తం పరిధి చదివినప్పుడు కాగితం మీద వేసి చూసుకున్నాను. పావు అంగుళం మందమున్న పట్టీని గుండ్రంగా చుడితే లోపలి అంచు నలిగి కుదించుకుంటుంది, వెలుపలి అంచు సాగుతుంది. పొడుగు మారనిది నడిమి గీత ఒక్కటే. లోపలి చుట్టు దానికన్నా ముప్పావు అంగుళం పైచిలుకు తక్కువ. తలకు తగిలేది ఆ లోపలి చుట్టే. తాత కోసిచ్చిన కొత్త పట్టీ ఎంతుందో ఇంటికెళ్లి కొలిచాను. 22.25 అంగుళాలు. ఆయన దగ్గర టేపు లేదు, జానతోనూ వేలితోనూ కోశాడు.

తర్వాతి మూడు సాయంత్రాలు ఆ అరుగు మీదే. గుండ్రానికి ఆయన ఆరు రేకులు గీయించాడు, తామర రేకుల్లాగా, అడుగున వెడల్పు, పైకి పోనుపోను సన్నం. రేకు అంచు నిటారుగా దిగితే పొట్ట రాదు, కొంచెం విల్లులా బయటికి వంగాలి. ఆ వంపు ఎంతన్నది మొదట పాత వార్తాపత్రిక మీద గీసి, కోసి, అతికించి, తల మీద పెట్టి చూసుకున్నాం. నాలుగు పత్రికలు పోయాక కుదిరింది. నాయిన ఆ దారిన పోతూ ఆగి చూసి, "ఇవి డాట్లే గదా" అన్నాడు. డాట్లే. ఎక్కువైన గుడ్డను మడతలో దాచేది డాటు, ఎక్కువైన షీటును కోసి పారేసేది ఇది.

కొన మీది మొగ్గకు తాత అర్ధచంద్రం కోయమన్నాడు. 2 అంగుళాల వ్యాసార్ధంతో సగం చక్రం కోసి, దాని తిన్నని అంచు రెండు సగాలనూ కలిపితే పల్లీల పొట్లంలా మొన తేలుతుంది, అడుగు వెడల్పు సరిగ్గా 2 అంగుళాలు. పల్లీలమ్మే వాళ్లందరికీ తెలిసిన సంగతి. బళ్లో ఎవరూ చెప్పలేదు.

అన్నిటికన్నా కష్టమైంది అతుకు. రేకుల అంచులు నేను నిలువునా కోశాను. రెండు రేకులు కలిపితే లోపలి అంచులు ఒకదాన్నొకటి తోసుకుని, పైన సందు నోరు తెరిచింది. తాత తోలు కోసే తన రంపె తీసి, నీళ్లరాయి మీద నాలుగు సార్లు సాన పట్టి, అంచును ఏటవాలుగా కోశాడు. రంపెను వంచి ఒకే లాగుడు. ఏటవాలు అంచులు రెండు ఒకదాని మీదికి ఒకటి వాలి కూర్చున్నాయి. నేను కోయబోతే షీటు కొరుక్కుపోయినట్టు వచ్చింది. "ఆగి ఆగి కోస్తే గట్లనే ఉంటది. ఒక్క ఊపిరిల రావాలె" అన్నాడు.

అతకడానికి మళ్లీ అదే సైకిల్ సొల్యూషన్. రబ్బరును అది కరిగించదు, పట్టుకుంటుంది. రెండు అంచులకూ పలుచగా పూసి, నేను వెంటనే అతికించబోతే చేతి మీద ఒక్కటి వేశాడు. "ఆరనియ్యి." తడి ఉండగా అతికిస్తే జారుతుంది. వేలితో తాకితే అంటుకోనంతగా ఆరాక కలిపితే ఇక ఊడదు, మళ్లీ సర్దుకునే వీలూ ఉండదు. తడిగా ఉంటేనే జిగురనుకునే నాకు అది వింతగా తోచింది. ఆ పది నిమిషాలు ఆయన బీడీ కాల్చేవాడు, నేను ఊదుతూ కూర్చునేవాణ్ని.

ఈ మధ్య మా అమ్మాయి కాలేజీ పిల్లలతో కలిసి ఏదో సినిమా వీరుడి శిరస్త్రాణం చేస్తుంటే చూశాను. ఈవీఏ షీట్లు, 2 మిల్లీమీటర్లు, 5, 10, కావలసిన మందం, కావలసిన రంగు. వేడిగాలి తుపాకీతో వెచ్చబెట్టి వంచితే చల్లారాక ఆ వంపు అలాగే నిలుస్తుంది. మా రబ్బరుకు ఆ గుణం లేదు, ఎంత వంచినా మళ్లీ చదునైపోవాలనే చూసేది. అతుకులే దాన్ని పట్టి ఉంచేవి. మా అమ్మాయి మొదటి పట్టీ తలకు బిగుసుకుపోయింది. నేనేమీ అనలేదు, అది మూడుసార్లు కొలిచేదాకా ఆగాను. ఆగకుండా చెప్పేయాల్సిందేమో, షీటు ఖరీదైనది.

బంగారు కాగితం, చమ్కీలు, నాయిన దగ్గర మిగిలిన జరీ అంచు అతికించాక మా కిరీటం దీపాల వెలుతురులో చిందోళ్ల దానికేం తీసిపోలేదు. నాకలాగే అనిపించింది.

ఆటరోజు భూపాలపల్లి నుంచి చిన్నమామ కూడా వచ్చాడు. దుర్యోధనుడు నీళ్లలో అడుగేశాడు, జారాడు, బోర్లాపడ్డాడు. కిరీటం కదలలేదు. తలకు అంత బాగా కుదిరింది మరి. తెర పక్క నుంచి సారు పళ్లు నూరుతూ "పడెయ్యి, పడెయ్యి" అంటున్నాడు. వాడు పడుకునే రెండు చేతులతో కిరీటం ఊడబీకి విసిరాడు. అది స్టేజీ మీద బంతిలా ఎగిరి, ఇంకోసారి ఎగిరి, మొదటి వరుసలో కూర్చున్న సర్పంచు ఒళ్లో పడింది. పాంచాలి ఇంకా నవ్వకముందే ఊరు నవ్వింది. ఊరి వాళ్లు ఆ తర్వాత చాన్నాళ్లు నన్ను బంతి కిరీటం అని పిలిచారు.

మర్నాడు చిన్నమామ కిరీటం తీసుకుని పట్టీని బొటనవేలితో నొక్కి చూశాడు. బాయిలోకి దిగేటప్పుడు పెట్టుకునే టోపీకి లోపల నొసటి దగ్గర పట్టీ ఒరుసుకుని ఆయనకు ఎప్పుడూ ఎర్రటి గీత ఉండేది. ముందు దీపం బరువు, ఎనిమిది గంటల చెమట. "అల్లుడా, ఇగ దుర్యోధనునికి దీంతోని పనేం లేదు గదా" అన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. కాని మామ అడిగాక కాదనే అలవాటు మా ఇంట్లో లేదు. నాయిన కత్తెరతో నొసటి భాగం ఒక జానెడు కోసి ఇచ్చాను. రంపెతో అయితే బాగా వచ్చేది.

ఎండాకాలం సెలవుల్లో భూపాలపల్లి పోయినప్పుడు షిఫ్టు దిగి వచ్చే మామ కోసం క్వార్టరు ముందు నిలబడ్డాను. ముఖమంతా బొగ్గు, కళ్లూ పళ్లూ తెలుపు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. నొసటి మీద ఎర్ర గీత లేదు. ఆ చోట, బొగ్గు మసిలో, బంగారు కాగితం ముక్కలు రెండు మూడు అంటుకుని మెరుస్తున్నాయి.